సొమ్మెవరిది, సేవ ఎవరిది: తెలుగునాట వైద్యంలో ప్రభుత్వ, ప్రైవేటు పొత్తు చరిత్ర

ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థలూ కలిసి ప్రజలకు వైద్యసేవలు అందించే ఏర్పాటును ఇప్పుడు అందరూ 'పీపీపీ' అంటున్నారు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమని దానికి అర్థం. ఆర్థిక సంస్కరణల తరువాత వాడుకలోకి వచ్చిన మాట కావడంతో ఆ పద్ధతి కూడా అప్పుడే పుట్టిందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. తెలుగునాట వైద్యశాలల చరిత్రను కొంచెం వెనక్కి వెళ్ళి పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. రాజు ఊరు రాసిస్తే మఠం ఆసుపత్రి నడిపిన కాలం ఉంది, జమీందారు డబ్బిస్తే సర్కారు స్థలమిచ్చిన కాలం ఉంది, క్రైస్తవ మిషన్ కట్టిన ఆసుపత్రికి నిజాం ప్రభుత్వం అండగా నిలిచిన కాలమూ ఉంది. పొత్తు ప్రతి యుగంలోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంది. మారుతూ వచ్చినదల్లా సొమ్ము నడిచే దిశ. పూర్వం దాతల సొమ్ము ప్రజల ఆసుపత్రులకు చేరేది. 1980ల తరువాత ప్రజల సొమ్ము ప్రైవేటు ఆసుపత్రులకు చేరసాగింది. ఈ మలుపు ఎప్పుడు, ఎలా వచ్చిందో, ఆ మలుపులో ప్రభుత్వం తన అజమాయిషీని ఎంతవరకు నిలుపుకున్నదో తెలిస్తే తప్ప ఈ పద్ధతి వల్ల కలిగిన మేలునూ కీడునూ తూచడం సాధ్యం కాదు.

ఈ చరిత్రకు దొరికే తొలి స్పష్టమైన ఆధారాల్లో ఒకటి మల్కాపురం శాసనం. నేటి అమరావతి ప్రాంతంలో, మందడానికి సమీపంలో ఉన్న ఈ ఊళ్ళో 1261 నాటి శిలాశాసనం, కాకతీయ రుద్రమదేవి గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి చేసిన గ్రామదానాన్ని వివరిస్తుంది. దానంగా వచ్చిన ఆదాయంలో ఒక భాగాన్ని ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, అన్నసత్రానికీ కేటాయించినట్లు అందులో ఉంది. ప్రసూతిశాల అంటే కాన్పుల ఆసుపత్రి, ఆరోగ్యశాల అంటే సాధారణ వైద్యశాల. శాసనం పేర్కొన్న ఉద్యోగుల్లో వైద్యుడితో పాటు లెక్కలు రాసే కాయస్థుడు కూడా ఉండడం గమనించదగినది. సొమ్ము రాజ్యానిది, నిర్వహణ మఠానిది, ఖర్చు దేనికి ఎంతన్నది రాతిమీద చెక్కి ఊరంతటికీ తెలిసేలా నిలబెట్టినది. ఆ కాలపు సమాజంలో ఆ ఆసుపత్రి గడప ఎవరెవరు తొక్కగలిగారన్నది వేరే ప్రశ్న. కానీ ఒప్పందపు షరతులను బహిరంగంగా ప్రకటించే సంప్రదాయం ఏడున్నర శతాబ్దాల కిందటే ఈ నేలమీద ఉన్నదన్నది కాదనలేని విషయం.

ఈస్టిండియా కంపెనీ, బ్రిటిష్ పాలనల్లో ఆసుపత్రి అన్నది మొదట సైన్యం కోసం, తరువాత పట్టణాల్లోని ఉద్యోగుల కోసం వెలిసి, క్రమంగా జనసామాన్యానికి అందుబాటులోకి వచ్చింది. మద్రాసు రాజధానిలో 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం కింద జిల్లాల్లో వసూలు చేసిన పన్నులతో రోడ్లు, బడులతో పాటు చిన్న వైద్యశాలలు కూడా నడిచేవి. వాటినే జనం లోకల్ ఫండ్ ఆసుపత్రులనేవారు. అయితే పన్నుల రాబడి ఎప్పుడూ అంతంతమాత్రమే కావడంతో, కొత్త భవనం కావాలన్నా కొత్త వార్డు కావాలన్నా ప్రభుత్వం దాతలవైపు చూసేది. మద్రాసులో పరదా పాటించే స్త్రీల కోసం 1885లో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలు ప్రారంభించిన విక్టోరియా ఘోషా ఆసుపత్రి ఇందుకు మంచి ఉదాహరణ. మగ డాక్టరుకు నాడి చూపించుకోవడానికి కూడా ఇష్టపడని కుటుంబాల స్త్రీలు ప్రసూతి సమయంలో వైద్యమందక మరణిస్తున్న రోజులవి. ఆ ఆసుపత్రి శాశ్వత భవనానికి వెంకటగిరి రాజా లక్ష రూపాయల విరాళమిచ్చారు, స్థలం ప్రభుత్వమిచ్చింది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి కూడా తొలినాళ్ళ ఖర్చులకు ఆదుకున్నారు. చివరకు 1921లో ప్రభుత్వమే దాన్ని తన ఆసుపత్రిగా స్వీకరించింది. నేడు అది కస్తూర్బా గాంధీ పేరుతో తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రిగా సేవలందిస్తున్నది. దాత ప్రారంభించినదాన్ని ప్రభుత్వం స్వీకరించి కొనసాగించడమనే ఈ వరస ఆ తరువాత దాదాపు ఎనభై ఏళ్ళ పాటు తెలుగు ప్రాంతాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

తెలుగు జిల్లాల్లో ఈ పనికి పూనుకున్న మరో వర్గం క్రైస్తవ మిషన్లు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కూగ్లర్ మొదట చిన్న వైద్యశాలతో మొదలుపెట్టి 1898 నాటికి స్త్రీలకూ పిల్లలకూ పూర్తిస్థాయి ఆసుపత్రిని నెలకొల్పారు. ఆ ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించినవారు ఏలూరు రాజా భుజంగరావు. హిందూ జమీందారు, లూథరన్ మిషన్ కలిసి ఒక పనికి పూనుకోవడం ఆనాటికి సామాన్యమైన సంగతి కాదు.

ఇంతకన్నా విశేషమైనది నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కథ. వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చినప్పుడు కుష్ఠువ్యాధికి నిలకడైన చికిత్స లేదు, రోగులకు ఊళ్ళో చోటు లేదు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ ఇచ్చిన భారీ విరాళంతో, నిజాం ప్రభుత్వపు సహకారంతో, డిచ్‌పల్లిలో 1915లో ఆసుపత్రి మొదలైంది. రోగులే నేల చదునుచేసి, తోటలు పెంచి, తమ కుటీరాల నిర్మాణంలో పాలుపంచుకున్నారు. చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నుంచి తీసిన నూనెను ఇంజక్షన్‌గా ఇచ్చే చికిత్స, బాధాకరమైనదే అయినా, ఆ కాలంలో రోగికి ఆశ కలిగించిన ఒకే మార్గం. ఆ చికిత్స కోసం దూర ప్రాంతాల నుంచి కూడా రోగులు డిచ్‌పల్లికి వచ్చేవారు. ముస్లిం ప్రభువు పాలనలో, హిందూ దాత సొమ్ముతో, క్రైస్తవ వైద్యురాలి చేతిమీదుగా, ఏ మతంవారూ దగ్గరికి తీయని రోగులకు వైద్యమందిన చోటు అది. వ్యాధి ప్రభుత్వానికి భయం కలిగించింది కాబట్టే సహాయం సులభంగా అందిందన్న వాదనలో కొంత నిజం ఉన్నా, ఇసబెల్ కెర్ 1932లో మరణించేదాకా చేసిన సేవ విలువ దానివల్ల తగ్గదు.

ఈ రెండు చోట్లా సొమ్ము దాతది, నిర్వహణ స్వచ్ఛంద సంస్థది, అనుమతీ కొంత గ్రాంటూ ప్రభుత్వానివి. లాభమన్న ఆలోచనకు ఎక్కడా తావు లేదు. ప్రభుత్వ సొమ్ము నేరుగా ప్రైవేటు వైద్యుడికి చేరిన తొలి ప్రయోగాల్లో ఒకటి మద్రాసు రాజధానిలోనే 1920లలో జరిగింది. కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, ప్రధానమంత్రిగా ఉన్న జస్టిస్ పార్టీ ప్రభుత్వం, డాక్టర్లు పట్టణాలు దాటి వెళ్ళకపోవడాన్ని చూసి, పల్లెలో స్థిరపడి వైద్యం చేసే ప్రైవేటు డాక్టరుకు ఏటా కొంత సబ్సిడీ, మందులకు కొంత సొమ్ము ఇచ్చే పథకాన్ని ప్రవేశపెట్టింది. పేదలకు ఉచితంగా చూడాలి, ఉన్నవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు అన్నది అందులోని ఏర్పాటు. విశాఖపట్నంలో వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో ఏర్పడడం, మద్రాసులో 1925లో దేశీయ వైద్యానికి పాఠశాల తెరవడం కూడా ఆ కాలపు సంగతులే కాబట్టి, ప్రభుత్వ వైద్యాన్ని పెంచడమూ ప్రైవేటు వైద్యుణ్ణి పల్లెకు పంపడమూ ఒకదానికొకటి పోటీ కావని ఆ మంత్రివర్గం భావించినట్లు కనిపిస్తుంది. అయితే దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించడానికి 1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఇందుకు భిన్నమైన మార్గాన్ని సూచించింది. ప్రభుత్వ వైద్యుడు పూర్తికాలపు జీతగాడై ఉండాలనీ, ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదనీ, వైద్యానికి డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదనీ ఆ కమిటీ కోరింది. స్వాతంత్ర్యం తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వ్యవస్థ ఆ ఆలోచన మీదే నిలబడింది, ఎంత అరకొరగా నిలబడినా.

స్వతంత్ర భారతంలో తొలి మూడు దశాబ్దాల పొత్తు ఎక్కువగా వైద్యవిద్యలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండేళ్ళకు, 1958లో, కాకినాడలో ప్రజల చందాలతో ఒక సంఘం వైద్య కళాశాలను నెలకొల్పింది. పెండ్యాల రంగారావు స్మృతిగా దానికి రంగరాయ వైద్య కళాశాల అన్న పేరు వచ్చింది. మరుసటి ఏడు వరంగల్లులో ఇలాగే కాకతీయ వైద్య కళాశాల వచ్చింది. వైద్య విద్యార్థి రోగి పడక పక్కన నిలబడి నేర్చుకోవాలి కాబట్టి వందల పడకల ఆసుపత్రి లేనిదే కళాశాల లేదు. కొత్తగా పుట్టిన సంఘాలకు అంత ఆసుపత్రి కట్టే స్తోమత ఉండదు. అందువల్ల కాకినాడలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఈ విద్యార్థులకు బోధనాసుపత్రులయ్యాయి. ఆసుపత్రి సర్కారుది, కళాశాల సంఘానిది అన్న ఈ ఏర్పాటు దాదాపు రెండు దశాబ్దాలు సాగాక రెండు కళాశాలలనూ ప్రభుత్వమే స్వాధీనం చేసుకున్నది. విజయవాడలో 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాల కూడా 2000లో ప్రభుత్వ కళాశాల అయింది. కళాశాలలు ప్రైవేటు చేతి నుంచి ప్రభుత్వం చేతికి వచ్చిన ఈ మూడు ఉదాహరణలూ నేటి చర్చల్లో దాదాపు మరుగున పడిపోయాయి. జనం విరాళాలిచ్చి నిలబెట్టినదాన్ని జనం ప్రభుత్వమే చేతికెత్తుకోవడం వల్ల తక్కువ ఫీజుతో డాక్టర్లయిన వారు మూడు తరాలవారున్నారు.

గాలి మారింది 1980లలో. 1983 నాటి జాతీయ ఆరోగ్య విధానం ప్రైవేటు, స్వచ్ఛంద రంగాలను ప్రోత్సహించాలని తొలిసారి స్పష్టంగా చెప్పింది. మద్రాసులో 1983లో మొదలైన అపోలో ఆసుపత్రి 1988లో హైదరాబాదుకు విస్తరించింది. కార్పొరేట్ ఆసుపత్రి, అంటే వాటాదారుల పెట్టుబడితో కంపెనీగా నడిచే ఆసుపత్రి, తెలుగువారికి పరిచయమైంది అప్పుడే. ప్రభుత్వం అటువంటి ఆసుపత్రులకు స్థలాలు ఇచ్చింది, పన్నుల్లో రాయితీలు ఇచ్చింది. ఆ రాయితీల్లో ఒకదాన్ని కాస్త నిలిచి చూడవలసి ఉంది. విదేశాల నుంచి తెప్పించే వైద్య పరికరాలకు దిగుమతి సుంకం మినహాయిస్తూ కేంద్రం 1988లో ఇచ్చిన ఉత్తర్వులో రెండు షరతులున్నాయి. ఔట్ పేషెంట్లలో, అంటే పడకలో చేరకుండా చూపించుకుని వెళ్ళే రోగుల్లో, నూటికి నలభై మందికి ఉచితంగా వైద్యం చేయాలి. నెలకు 500 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల కోసం నూటికి పది పడకలు ఉంచాలి. దేశమంతటా పరికరాలు వచ్చాయి, షరతులు చాలాచోట్ల కాగితం మీదే మిగిలిపోయాయి. ఈ బాధ్యత ఒకనాటితో తీరిపోయేది కాదనీ, ఆసుపత్రులు దాన్ని నిరంతరం నెరవేర్చవలసిందేననీ 1996లో సుప్రీంకోర్టు మెడివెల్ ఆసుపత్రి కేసులో చెప్పవలసి వచ్చింది; అప్పటికే ఆ మినహాయింపు రద్దయిపోయింది. ఇచ్చిన రాయితీకి ప్రతిఫలంగా ఎంతమంది పేదలకు వైద్యమందిందో లెక్క చూసే యంత్రాంగం లేకపోవడమే ఇక్కడ అసలు లోపం. మల్కాపురంలో ఉన్న కాయస్థుడు ఢిల్లీలో లేడు.

అజమాయిషీ సరిగా ఉన్నచోట ఇదే పొత్తు ఎంత మేలు చేయగలదో చెప్పడానికి హైదరాబాదులోని మహావీర్ ఆసుపత్రి క్షయ చికిత్సను మించిన ఉదాహరణ లేదు. క్షయ రోగి నెలల తరబడి మందులు మింగాలి; రెండు నెలలకే దగ్గు తగ్గి ఒంట్లో బాగుందనిపించగానే మానేస్తాడు, ఆ తరువాత వ్యాధి మొండిదై తిరిగి వస్తుంది. అందుకని ఆరోగ్య కార్యకర్త కళ్ళముందే రోగి మాత్ర మింగేలా చేసే పద్ధతిని 1990లలో దేశంలో ప్రవేశపెట్టారు. దాన్నే డాట్స్ అంటారు. కానీ బస్తీల్లో రోగికి మొదట గుర్తుకొచ్చేది వీధి చివరి ప్రైవేటు డాక్టరు, ప్రభుత్వ క్షయ కేంద్రం కాదు. లాభాపేక్ష లేని ట్రస్టు ఆసుపత్రి అయిన మహావీర్ 1995లో ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని ఈ చిక్కును విడదీసింది. ప్రైవేటు డాక్టరు దగ్గు రోగిని మహావీర్‌కు పంపేవాడు, అక్కడ కఫం పరీక్ష చేసి వ్యాధి నిర్ధారించేవారు, మందులు మాత్రం రోగి ఇంటి దగ్గరి చిన్న నర్సింగ్ హోములోనే వారానికి మూడుసార్లు ఉచితంగా దొరికేవి. అవసరమైతే మొదట పంపిన డాక్టరు దగ్గరికే రోగి మళ్ళీ వెళ్ళగలిగేవాడు, కాబట్టి తన రోగి పోతాడన్న భయం ఆ డాక్టరుకు ఉండేది కాదు. మందులు, పరీక్ష సామగ్రి ప్రభుత్వమిచ్చింది, సిబ్బందిని ఆసుపత్రి పెట్టుకున్నది, రిజిస్టర్లు మాత్రం ప్రభుత్వ నమూనాలోనే రాశారు. మొదట లక్ష మంది జనాభాకు మొదలైన ఈ ఏర్పాటు 1998 నాటికి అయిదు లక్షల మందికి విస్తరించింది. వ్యాధి నయమైనవారి నిష్పత్తి ప్రభుత్వ కేంద్రాలకు ఏమాత్రం తీసిపోలేదు. తరువాత ఇతర నగరాల్లో క్షయ నివారణలో ప్రైవేటు డాక్టర్లను కలుపుకునేటప్పుడు ఈ అనుభవాన్నే ముందు పెట్టుకున్నారు.

కంటి వైద్యంలోనూ ఇదే దారి కనిపిస్తుంది. ప్రపంచ బ్యాంకు సహాయంతో 1994లో మొదలైన శుక్లాల నివారణ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆపరేషన్‌కు ఇంత అని స్వచ్ఛంద సంస్థలకు జిల్లా అంధత్వ నివారణ సంఘాల ద్వారా ప్రభుత్వం చెల్లించేది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన నేత్ర వైద్యసంస్థ వంటివి దాతల సొమ్ముతో, చెల్లించగలవారి ఫీజులతో పేదలకు ఉచిత వైద్యం చేస్తూ ఈ రంగంలో ప్రమాణాలను పెంచాయి.

ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో రెండు పథకాలు ఈ చరిత్రను ఇంటింటికీ చేర్చాయి. మొదటిది 108. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు నెలకొల్పిన ఇ.ఎమ్.ఆర్.ఐ. అనే లాభాపేక్ష లేని సంస్థ, రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ అత్యవసర సేవను ప్రారంభించింది. అంతకుముందు అంబులెన్స్ అంటే ఆసుపత్రి నుంచి శవాన్ని ఇంటికి చేర్చే బండిగానే చాలా పల్లెలకు తెలుసు. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే ఒకే కేంద్రంలో కూర్చున్నవారు ఊరు, దారి, రోగి పరిస్థితి అడిగి తెలుసుకుని దగ్గరి వాహనాన్ని పంపడం, అందులో శిక్షణ పొందిన టెక్నీషియన్ దారిలోనే డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడుతూ ప్రథమ చికిత్స చేయడం, కాన్పు నొప్పులొచ్చిన స్త్రీకి అవసరమైతే ఆ బండిలోనే కాన్పు చేయడం జనానికి కొత్త అనుభవం. తొలినాళ్ళలో నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం సంస్థ భరించినా, కొద్ది సంవత్సరాలకే నూటికి తొంభై అయిదు వంతుల దాకా ప్రభుత్వం మోసే స్థితి వచ్చింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడినప్పుడు ఈ సేవ ఆగిపోతుందేమోనన్న ఆందోళన కలిగింది. అదే ఏడాది జీవీకే సంస్థ నిర్వహణ చేపట్టడంతో బండ్లు ఆగలేదు. దాత పేరు మారినా సేవ ఆగకపోవడానికి కారణం, అప్పటికే దాని ఖర్చును మోస్తున్నది ప్రభుత్వమే కావడం.

రెండవది ఆరోగ్యశ్రీ. పులివెందులలో స్వయంగా వైద్యం చేసిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి దగ్గరికి వచ్చే అర్జీల్లో పెద్ద ఆపరేషన్లకు సహాయం కోరేవి కుప్పతెప్పలుగా ఉండేవి; ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఒక్కొక్కరికి చెక్కు రాసే పద్ధతి ఎంతకాలమో సాగదని తేలాక, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలై, 2008 నాటికి రాష్ట్రమంతటా అమలైంది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల దాకా, అవసరమైతే మరో యాభై వేల దాకా, ఎంపిక చేసిన జబ్బులకు ఉచిత చికిత్స లభించేది. మొదట స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టి నడిపించింది. తరువాత ఆరోగ్యశ్రీ ట్రస్టు అనే ప్రభుత్వ సంస్థే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతికి మారింది. బీమా కంపెనీ లాభాన్ని తొలగించి ట్రస్టును ముందుకు తేవడం ఈ పథకం చరిత్రలో తగినంత గుర్తింపు పొందని మంచి నిర్ణయం.

పథకం పనితీరును దగ్గరగా చూస్తే ప్రభుత్వం ఎక్కడ జాగ్రత్తపడిందో, ఎక్కడ వదిలేసిందో తెలుస్తుంది. పల్లెలో ఛాతీ నొప్పి ఉన్న రోగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఆరోగ్యమిత్రను కలుస్తాడు, లేదా ఆసుపత్రులు తప్పనిసరిగా జరపవలసిన ఉచిత శిబిరంలో చూపించుకుంటాడు. రాసిచ్చిన చీటీతో పట్టణంలోని నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో నమోదైన ఆసుపత్రికి వెళ్తే, అక్కడి కౌంటరు దగ్గర మరో ఆరోగ్యమిత్ర కార్డు పరిశీలించి పేరు ఎక్కిస్తాడు. పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు, స్కానులు కంప్యూటర్లో ట్రస్టుకు చేరతాయి. ట్రస్టు డాక్టర్లు వాటిని చూసి ముందస్తు అనుమతి ఇస్తేనే ఆపరేషన్. గుండెకు ఇంత, మూత్రపిండాలకు ఇంత అని ముందే నిర్ణయించిన ప్యాకేజీ ధరలోనే భోజనం, ఇంటికి వెళ్ళే చార్జీలు, డిశ్చార్జి తరువాత పది రోజుల మందులు కలిసి ఉంటాయి. రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. ఆపరేషన్ తరువాతి ఫోటోలతో సహా ఆధారాలు పంపాకే ఆసుపత్రికి సొమ్ము వస్తుంది. 1988 నాటి సుంకం మినహాయింపులో లేని లెక్కల యంత్రాంగం ఇక్కడ ఉన్నది. ఎకరం అమ్మితే తప్ప చేయించలేని గుండె ఆపరేషన్, ఊరు దాటి ఎరుగని కూలీకి హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రిలో జరిగింది. ఇది చిన్న విషయం కాదు. పేదవాడికి ఖరీదైన వైద్యం మీద హక్కు ఉందన్న భావనను తెలుగు సమాజంలో స్థిరపరిచింది ఆరోగ్యశ్రీయే.

అయితే ఈ పథకం ఎంచుకున్న జబ్బులు ఎక్కువగా ఆపరేషన్లు, పెద్ద చికిత్సలు కోరేవి. భారతీయ కుటుంబాలు వైద్యానికి చేసే ఖర్చులో పెద్ద భాగం ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే జబ్బులకూ, మందులకూ పోతుంది. షుగరు, రక్తపోటు మాత్రలకు ప్రతి నెలా జేబులోంచి పెట్టే మనిషికి, ఆ జబ్బు ముదిరి గుండెకో మూత్రపిండాలకో ఎక్కినప్పుడే ఆరోగ్యశ్రీ అందుతుంది. ప్రజారోగ్య పరిశోధకులు మొదటినుంచీ ఎత్తిచూపిన లోపం ఇదే. ఆరోగ్య బడ్జెట్‌లో గణనీయమైన వాటా ఈ చెల్లింపులకు పోవడంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పెద్దాసుపత్రులు చిక్కిపోయాయన్న విమర్శ కూడా తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. కనీసం యాభై పడకలు ఉండాలన్న నిబంధన వల్ల నెట్‌వర్క్ ఆసుపత్రులు నగరాల్లోనే గుమిగూడాయి. పల్లెల్లో చిన్న వయసు స్త్రీలకు అవసరం లేకుండానే గర్భసంచి తీసేస్తున్న సంగతి వెలుగులోకి వచ్చి పెద్ద అలజడి రేగింది. ఆపరేషన్‌కు ఇంత అని చెల్లించే పద్ధతిలో ఆపరేషన్లే పెరుగుతాయన్న భయాన్ని అది బలపరిచింది. తరువాత నూటికి పైగా చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు, చికిత్స సొమ్ములో కొంత భాగాన్ని అక్కడి సిబ్బందికి ప్రోత్సాహకంగా ఇచ్చారు. ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఈ నిధిలో వాటాదారు అయినప్పుడే పథకానికి సమతూకం వస్తుందని గ్రహించడానికి నాలుగేళ్ళు పట్టింది.

2014లో రాష్ట్రం విడిపోయాక పథకం రెండుగా సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చింది, తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే నిలిచింది. 2018లో కేంద్రం కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయల పరిమితితో దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ ప్రవేశపెట్టేనాటికి, తెలుగు రాష్ట్రాలకు ఇటువంటి పథకంలో పదకొండేళ్ళ అనుభవం ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని పది లక్షలకూ, ఆంధ్రప్రదేశ్ ఇరవై అయిదు లక్షలకూ పెంచాయి. పరిమితి పెంచడం సులభం, బిల్లులు వేళకు చెల్లించడం కష్టం: బకాయిలు పేరుకుపోయాయంటూ రెండు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రుల సంఘాలు సేవలు నిలిపేస్తామని హెచ్చరించడం, కొన్నిసార్లు నిలిపేయడం కూడా ఇటీవలి సంవత్సరాల్లో పరిపాటి అయింది. అలాంటి రోజుల్లో కార్డు చేతపట్టుకుని కౌంటరు దగ్గర నిలబడే రోగికి, బకాయి ఎవరిదైనా, పస్తు తనదే.

ఇప్పుడు చర్చ తిరిగి వైద్య కళాశాలల దగ్గరికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025లో పది కొత్త వైద్య కళాశాలలను పీపీపీ పద్ధతిలో నిర్మించి నడిపించాలని నిర్ణయించింది. నిధుల కొరత తీరి పని త్వరగా పూర్తవుతుందని ప్రభుత్వం అంటుండగా, ప్రజల భూమి, ప్రజల ఆసుపత్రి ప్రైవేటు చేతికి పోతాయని ప్రతిపక్షం అంటున్నది. కాకినాడ, వరంగల్లు, విజయవాడ కళాశాలలు నడిచిన దారికి ఇది ఎదురు దారి కాబట్టి ఒప్పందంలోని షరతులే ఇక్కడ అంతా నిర్ణయిస్తాయి. ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఉచితం, ఔట్ పేషెంటు వైద్యానికి రుసుము ఉందా, ఫీజులు ఎవరు నిర్ణయిస్తారు, షరతు తప్పితే ఎన్ని రోజుల్లో ఎవరు చర్య తీసుకుంటారు, గడువు తీరాక భవనం ఎవరిది అన్న అంశాలు ఆ కాగితాల్లో ఉంటాయి. అటువంటి ప్రతి ఒప్పందాన్నీ, దాని అమలు లెక్కలనూ ఏటా తెలుగులో ముద్రించి, ఆ ఆసుపత్రి గోడమీదే రోగులందరికీ కనబడేలా ప్రకటించాలి; తెలుగు పాఠకులు, పత్రికలు, శాసనసభ్యులు ఏ పార్టీ ప్రభుత్వాన్నయినా ముందుగా అడగవలసింది ఇదే.